కందెనవోలు చూపించిన రోజు

కర్నూలు చూపించమని అడిగింది మా అమ్మే. నేను కాదు. ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చిన సాకుల్లో మొదటిది ఇదే. రెండోది, మూడోది కూడా ఉన్నాయి గానీ అవి ఇంతకంటే నాసిరకం.

అది 1979. పత్తి సీజను ముగింపుకు వస్తోంది. ఆదోని మార్కెట్ యార్డులోకి పత్తి నింపిన బోరాల బండ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఊరంతా దూది ఎగురుతోంది. కానీ మా అమ్మ పనిచేసే జిన్నింగు మిల్లులో సగం మిషన్లు ఆగిపోయాయి. ఆడకూలీలు గేటు బయట కూర్చున్నారు. వాళ్లకు సంఘం లేదు, జెండా లేదు. అంతకుముందు డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఈరమ్మ అనే ఆమె మిషనులోకి పత్తి ఎగదోస్తుండగా కుడిచెయ్యి రోలరులో పడి మూడు వేళ్లు నుజ్జయిపోయాయి. ఆస్పత్రి నుంచి వచ్చి మళ్లీ పనికి పోతే, వేళ్లు లేనిదానికి ఇక్కడ పనేముంది, పొమ్మన్నాడు మేనేజరు. మరునాడు పొద్దున మా అమ్మ గేటు దగ్గర కూలబడి, "దానికి పనిచ్చేదాంక నేను లోపలికి రాను" అంది. మా అమ్మ రసూల్‌బీ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అందుకేనేమో ఆ ఒక్క మాటకు ఇరవై మంది వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు.

కర్నూలులో కార్మిక శాఖ ఆఫీసరు ఉంటాడని, ఆయనకు అర్జీ పెట్టాలని చెప్పింది నేను. ఇంగ్లీషులో రాసిందీ నేనే. కర్నూలులో మూడేళ్లు చదివి బి.ఏ. పాసై వచ్చి, రెండేళ్లుగా ఇంట్లో కూర్చుని అమ్మ కూలి మీద తింటున్నాను. నాయన లేడు. వీధిలో నన్ను "బి.ఏ. ఉస్మాను" అని పిలిచేవాళ్లు. మొదట్లో అది గౌరవం, తర్వాత కాదు. ఆ అర్జీ రాసిన వారం మాత్రం అందరూ మళ్లీ నన్ను మర్యాదగా చూశారు. ఈరమ్మ ఎడమచేతి బొటనవేలితో ముద్ర వేసి "నీ అచ్చరాలు ముత్యాల్లా ఉండాయి నాయనా" అంది.

మిల్లులో లెక్కలు రాసే రైటరుగా సిద్దప్ప అని ఒకాయన ఉండేవాడు. కోపం లేని మనిషి, కూలీలను కూడా అప్పా, అమ్మా అని పలకరించేవాడు. ఒకరోజు స్టేషను ముందున్న టీ హోటల్లో నన్ను చూసి తనంతట తానే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమప్పా ఉస్మానూ, అర్జీ బలే రాసినావంట. మా మేనేజరే అన్నాడు, ఇంత ఇంగ్లీషు వచ్చినోన్ని మనమెందుకు బయట పెట్టుకున్నాం అని."

నాకు ఆ పొగడ్త బాగుంది. అది దాచి లాభం లేదు.

"కర్నూలుకు రమ్మని మాకు నిన్న కాగితమొచ్చింది," అన్నాడు. "మీకు రేపో ఎల్లుండో వస్తాది. పద్నాలుగో తారీకు పదకొండు గంటలకు ఆఫీసరు రెండు పక్కలోళ్లనూ కూసోబెట్టి మాట్లాడతాడు."

"మంచిదే కదన్నా."

"మంచిదే." టీ సాసరులో పోసుకుని ఊదుకున్నాడు. "ఆడోళ్లు. దూరం పయనం. ఒకయేళ టయానికి చేరలేదనుకో, రాలేదని రాసుకుంటాడు, ఫైలు కట్టేస్తాడు. ఎవరి మీదా కేసుండదు, ఎవరికీ దెబ్బ తగలదు. నాలుగు దినాలకు అందరూ పనిలోకి వస్తారు. ఉగాదికి మా ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీ అయితాంది."

"నన్నేం చేయమంటావు?"

"నిన్నేమీ చేయమనలేదప్పా. కాగితం సదివేది నువ్వు గదా, అందుకు సెప్తాండా."

నేను ఔననలేదు, కాదనలేదు. ఇంటికి పోయాను. మూడోరోజు పోస్ట్‌మ్యాన్ మా గుమ్మం ముందు సైకిలు ఆపి అమ్మ పేరు గట్టిగా పిలిచాడు. ఆమె పేరు మీద ఉత్తరం రావడం అదే మొదలు. కవరును రెండు చేతులా పట్టుకుని తెచ్చి నాకిచ్చింది. లోపల టైపు చేసిన కాగితం. గంట అంకెల్లో లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది.

"ఎప్పుడు రమ్మన్నారు?"

"పద్నాలుగో తారీకు."

"ఏం యాళకు?"

కాగితం వంక చూస్తూనే ఉన్నాను. "మధ్యాహ్నం మూడు గంటలకు," అన్నాను.

ఇంత తేలికగా వస్తుందనుకోలేదు ఆ మాట. గొంతు కూడా మారలేదు. అమ్మ కాగితాన్ని మడత మీద మడత పెట్టి రవికలో దాచుకుని, గేటు దగ్గర వాళ్లకు చెప్పడానికి ఉరుకులాంటి నడకతో పోయింది.

మూడు గంటలకు రమ్మన్నప్పుడు పొద్దెక్కాక బయలుదేరినా సరిపోతుందని నా లెక్క. అమ్మ ఒప్పుకోలేదు. "బస్సు యాడన్నా నిలబడిపోతే? ఆఫీసరు మనకోసం కాసుకుంటాడా? తొలి బస్సుకే పోదాం," అంది. పద్నాలుగో తారీకు తెల్లవారే వేళకు తొమ్మిదిమంది ఆడవాళ్లూ నేనూ బస్టాండులో ఉన్నాం. అందరూ ఉతికిన చీరలు కట్టుకున్నారు. ఉరుకుందమ్మ అని అందరిలోకీ చిన్నది ఒకతె ఉండేది, నోరు గల పిల్ల. తన పెళ్లిచీర కట్టుకుని వచ్చింది. ఈరమ్మ కుడిచేతికి కొత్త గుడ్డ చుట్టుకుంది. ఆఫీసరు ముందు ఆ గుడ్డ ఎట్లా విప్పి చూపాలో, అప్పుడు ఏమనాలో, ఎమ్మిగనూరు దాటేదాకా ఆడవాళ్లు మాట్లాడుకున్నారు. "ఏడవొద్దు," అంది మా అమ్మ. "సూపించి, ఊకే నిలబడు."

తొమ్మిది గంటల లోపలే కర్నూలులో దిగాం.

"నేరుగా ఆఫీసుకు పోయి కూసుందాం పాండి," అంది ఉరుకుందమ్మ.

అక్కడికి పోతే పదకొండుకు పిలుస్తారు. నాకు అబద్ధం ఒక్కటే ఉంది, దాని వెనక రెండోది తయారుచేసుకోలేదు. అప్పుడే మా అమ్మ అడ్డుపడింది.

"ఆరు గంటల సేపు ఆఫీసు ముందర కూసుంటే తరుముతారే. మావోడు మూడేండ్లు సదివిన ఊరు ఇది. నేనెన్నడూ సూడలేదు. సూపియ్యప్పా ఉస్మానూ, మూడు గంటల దాంక తిరిగొద్దాం."

అట్లా నేను వాళ్లకు ఊరు చూపించాను.

ఆఫీసున్న రోడ్డు తప్పించి సందుల్లోంచి తిప్పి కొండారెడ్డి బురుజు దగ్గరికి తీసుకుపోయాను. అంత ఎత్తు గోడను కింది నుంచి చూసి ఆడవాళ్లు మెడలు వెనక్కి వంచి నిలబడ్డారు. ఉరుకుందమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని అందరికంటే ముందు మెట్లెక్కింది. మా అమ్మ మోకాళ్లు పట్టుకుంటూ, మధ్యలో కూర్చుంటూ ఎక్కింది. ఇందులోంచి సొరంగం ఉందని, ఏటి కింది నుంచి గద్వాల దాకా పోతుందని జనం చెప్పుకునే కథ చెప్పాను.

"ఏటి కిందనా? నీళ్లు కారవా?" అంది ఈరమ్మ.

"మన మేనేజరును పంపి సూపిద్దాం," అంది ఉరుకుందమ్మ. అందరూ నవ్వారు. పద్దెనిమిది రోజులుగా గేటు దగ్గర ఎండలో కూర్చున్న ఆడవాళ్లు, ఆ బురుజు మీద గాలికి కొంగులు ఎగురుతుంటే, బడి వదిలిన పిల్లల్లా నవ్వారు. నేనూ నవ్వాను. అది నాకు ఇప్పటికీ గుర్తుంది. నవ్వు నిజంగానే వచ్చింది.

చెప్పేకొద్దీ నాకు హుషారు పుట్టింది. ఈ ఊరు మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండిందని చెప్పాను. ఏటి ఒడ్డుకు పోయేదారిలో కందెనవోలు కథ చెప్పాను. అవతలి ఒడ్డున అలంపురం గుళ్లు కట్టేటప్పుడు రాళ్ల బండ్లు ఇక్కడ ఏరు దాటేవని, దాటేముందు చక్రాల ఇరుసులకు కందెన రాసుకునేవాళ్లని, అందుకే ఇది కందెనవోలు అయిందని, అదే కర్నూలు అయిందని అంటారు. మా అమ్మ పక్కనున్న వాళ్లకు నేను చెప్పిందే మళ్లీ చెబుతోంది, నా మాటలు వాళ్లకు సరిగా వినపడలేదేమో అన్నట్టు. ఆమె ముఖం అంత వెలుగుగా ఉండటం నేను పాసైన రోజున కూడా చూడలేదు.

తుంగభద్ర ఆ కాలంలో సన్నగా పారుతోంది. ఇసుక తిన్నెలు, మధ్యన మడుగులు, ఆ చివరెక్కడో అవతలి ఒడ్డు. అయినా మా ఊరి ఆడవాళ్లకు అది సముద్రమే. మాకు ఆదోనిలో కుళాయి ఎప్పుడు వస్తే అప్పుడు బిందెలతో కొట్లాట. వాళ్లు చెప్పులు చేతపట్టుకుని మోకాటిలోతు నీళ్లలోకి దిగారు. ఈరమ్మ ఒడ్డున కూర్చుని చేతి గుడ్డ విప్పింది. నేనప్పటిదాకా ఆ చెయ్యి చూడలేదు. మూడు చోట్ల చర్మం ముడతపడి, ఎర్రగా, పసిబిడ్డ పెదవుల్లా ఉంది. దాన్ని నీళ్లలో పెట్టి కళ్లు మూసుకుంది.

"సల్లగుండాది నాయనా," అంది నాతో. "మూడు నెల్లాయె, ఇది సల్లబడి."

వాచీ చూశాను. పదకొండుకు పావుగంట తక్కువ. అక్కడి నుంచి ఆఫీసుకు నడిచినా పది నిమిషాలే. ఎట్లా పోవాలో నాకు తెలుసు. నేను తప్పు చదివాను, ఉరకండి అంటే అందరూ తడి చీరలతో ఉరికేవాళ్లు. ఎవరూ ఎందుకని అడిగేవాళ్లు కూడా కాదు.

"టైమెంతప్పా?" అంది అమ్మ, నీళ్లలో నిలబడే.

"పదకొండు కావస్తాంది."

"అబ్బో, ఇంకా శానా పొద్దుండాది," అంది.

ఔనన్నాను.

తర్వాత హంద్రీ ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజుకు నడిపించాను. పూర్వం కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ గోరీ అది. అమ్మ తలమీద కొంగు సవరించుకుని లోపలికి పోయి, చేతులు చాపి దువా చేసింది. బయటికి వచ్చాక ఉరుకుందమ్మ ఏం కోరుకున్నావని అడిగితే, "ఈరమ్మ పని," అంది. ఆ గోడ నీడలోనే మూటలు విప్పారు. జొన్నరొట్టెలు, శెనక్కాయల పచ్చడి ఊరిబిండి, కొరుక్కునేందుకు ఎర్రగడ్డలు. తొలి రొట్టె నాకే పెట్టారు. "మాకోసం గొంతు ఎండబెట్టుకుంటాండాడు," అని ఈరమ్మ ఎడమచేత్తో తన ఊరిబిండిలో సగం నా రొట్టె మీద వేసింది. నేను తిన్నాను. గొంతు దిగింది. దిగదనుకున్నాను గానీ దిగింది.

రెండున్నరకు ఆఫీసు వరండాలో ఉన్నాం. ముక్కాలిపీట మీద కునుకుతున్న అటెండరు లేచి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఆదోనోళ్లా? ఇప్పుడొస్తిరా? పదకొండుకు మూడుసార్లు పిలిస్తినే. రసూల్‌బీ, రసూల్‌బీ అని గేటు దాంక పోయి అరిస్తిని. సారు అర్ధగంట సూసినాడు, మీ మిల్లోళ్లు కార్లో వచ్చి సంతకాలు పెట్టి పోయిరి. సారు నంద్యాల క్యాంపుకు పాయె."

"మూడుకు గదప్పా?" అంది మా అమ్మ. రవికలోంచి కాగితం తీసి అతనికిచ్చింది. చెమటకు తడిసి మెత్తబడి ఉంది. అతను చదవలేక లోపల గుమాస్తాకు ఇచ్చాడు. గుమాస్తా కళ్లద్దాలు పెట్టుకుని చదివి, "పదకొండు అనే ఉందమ్మా," అన్నాడు మెల్లగా. మంచివాడిలా ఉన్నాడు. "ఇది మీకు చదివింది ఎవరు?"

ఎవరూ నా వంక వేలు చూపలేదు.

"నేనే," అన్నాను. "తప్పు సదివినా."

ఈరమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. గుడ్డ చుట్టిన చెయ్యి. "పోనీలే నాయనా. సదువుకున్నోడికైనా ఒకసారి కన్ను తప్పుతాది. నువ్వేం కావాలని సేసినావా?" అంది. తక్కిన వాళ్లు కూడా అదే అన్నారు. ఒకరి తర్వాత ఒకరు నన్నే ఓదార్చారు.

మా అమ్మ ఓదార్చలేదు. వరండా గోడకు ఉన్న సున్నం పెచ్చులను చూస్తూ నిలబడింది. నా చదువు ఎట్లాంటిదో ఆమెకు చదవడం రాకపోయినా తెలుసు. లాంతరు ముందు నన్ను కూర్చోబెట్టి అక్షరం అక్షరం వినింది ఆమే. పదకొండును మూడుగా చదివేవాణ్ణి కానని ఆ వరండాలో తెలిసింది ఆమె ఒక్కదానికే.

తిరుగు బస్సులో ఆమె నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా ముందుకు పోయి నిలబడింది.

గేటు దగ్గర ఇంకో పదిరోజులు కూర్చున్నారు. ఒకరొకరే లేచారు. ఇళ్లలో పొయ్యి వెలగాలి కదా. చివరికి మిగిలింది మా అమ్మ, ఈరమ్మ. వాళ్లిద్దరినీ మిల్లు మళ్లీ తీసుకోలేదు. ఉగాది అయిన మూడోరోజు సిద్దప్ప మనిషిని పంపాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయి, సాయంత్రం వచ్చి అమ్మకు చెప్పాను.

"పని దొరికింది."

"యాడ?"

"మన మిల్లులోనే. ఆఫీసులో."

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపలేదు. అన్నం వండింది, నాకు పెట్టింది, తాను తినలేదు. రెండోరోజు ట్రంకుపెట్టె తీసుకుని ఎమ్మిగనూరులో ఉన్న చెల్లెలి ఇంటికి బయలుదేరింది. మా పిన్ని వహీదా బీ వాళ్లది మగ్గాల ఇల్లు. వీధిలో వాళ్లు అడిగితే, "మా సెల్లెలికి బాగలేదు, నూలు కండెలు సుట్టేకి మనిషి కావాలంట," అంది. నాతో ఏమీ అనలేదు. తిట్టి ఉంటే నేను బదులు చెప్పి ఉండేవాణ్ణి. బదులు తయారుగానే పెట్టుకున్నాను.

నెలకోసారి ఎమ్మిగనూరు పోయేవాణ్ణి. అమ్మ భోజనం పెట్టేది, ఒంట్లో ఎట్లుందని అడిగేది. పని గురించి అడిగేది కాదు. నేను తెచ్చిన చీర పిన్నికి ఇచ్చేసేది.

ఈరమ్మ మా మిల్లు గేటుకు ఎదురుగా గంపలో బొరుగులు పెట్టుకుని అమ్మేది. పొద్దున, సాయంత్రం నేను ఆమె ముందు నుంచే పోవాలి. పోయిన ప్రతిసారీ "తిన్నావా నాయనా?" అనేది. "మీయమ్మ బాగుండాదా?" అనేది. నేను తలూపి లోపలికి పోయేవాణ్ణి. కొన్నాళ్లు వెనక గేటు నుంచి పోయి చూశాను. మరునాడు, "నిన్న రాలేదే, జొరమా?" అని అడిగింది.

మూడేళ్లు అట్లా గడిచాయి. ఒకరోజు, ప్రత్యేకంగా ఏమీ జరగని రోజు, మధ్యాహ్నం భోజనాల వేళ, నేను రోడ్డు దాటి ఆమె గంప ముందు కూర్చున్నాను. ఆమె పొట్లం కట్టబోయింది.

"వద్దు ఈరమ్మా. ఒక మాట సెప్పాల. కర్నూలు పోయిన పొద్దు... ఆ కాగితం నేను తప్పు సదవలేదు."

ఈరమ్మ పొట్లం కట్టడం పూర్తిచేసింది. ఎడమచేయి, కుడిచేతి రెండు వేళ్లు. అప్పటికి బాగా అలవాటైపోయింది.

"నాకెరికే," అంది.

"ఎట్ల?"

"మీయమ్మ ఎమ్మిగనూరు పోయే ముందు దినం మా ఇంటికొచ్చింది. నా కాళ్లు పట్టుకుని సెప్పింది."

"మరి ఎవరికీ సెప్పలేదే?"

"సెప్తే నిన్ను కొడ్తారు. కొడ్తే నా యేళ్లు మొలుస్తాయా?" రోడ్డు మీద పోయే బండి వంక చూస్తూ మెల్లగా అంది. "మీయమ్మ ఒకటే అడిగింది. వాడు వచ్చి వాని నోటితో సెప్పేదాంక నీకు తెలిసినట్టు వానికి కనపడొద్దు అన్నాది. నాలుగు దినాల్లో వస్తాడులే అన్నాది. నేనూ అట్లే అనుకుంటి."

పొట్లం నా చేతిలో పెట్టింది. దానికి డబ్బు తీసుకోలేదు.

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి ఎమ్మిగనూరు బస్సెక్కాను. దారంతా నాకు ఏదో బరువు దిగినట్టే ఉంది. అమ్మ వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. జుట్టు అప్పటికే బాగా నెరిసింది. ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఈరమ్మకు సెప్పినానమ్మా. నేనే సెప్పినా."

రాట్నం ఆగింది, దారం తెగింది. మూడేళ్ల తర్వాత మా అమ్మ నా ముఖంలోకి నేరుగా చూసింది. ఆ చూపు కోసం నేనెంత కాచుకుని ఉన్నానో అప్పుడే తెలిసింది.

"పని ఇడిసిపెట్టి వచ్చినావా?" అంది.

ఆ సంగతి నాకు తోచనే లేదు. ఈరమ్మ ముందు కూర్చున్నప్పుడు తోచలేదు, బస్సులో తోచలేదు. సెలవు చీటీ రాసిచ్చి వచ్చాను. రేపు పొద్దున తొమ్మిదికి పోవాలి.

నేను బదులు చెప్తానేమోనని ఆమె చూసింది. తర్వాత తెగిన దారం ముడివేసుకుని రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.

మరో తొమ్మిదేళ్లకు మిల్లు మూతపడింది. అప్పటిదాకా నేను ఆ కుర్చీలోనే ఉన్నాను.